పడవలోని బ్యాటరీ – పంచాయతీకి పాఠము

హైదరాబాదు నగరమున ఖైరతాబాదు ప్రాంతమునందు విద్యుత్ సంస్థల కార్యాలయములుండు విద్యుత్ సౌధ కలదు. దానికి చేరువనే హుస్సేన్‌సాగరమున తెరచాప పడవల పోటీలు జరుగుచుండును. ఆ చిన్న పడవలకు గాలియే చాలును, విద్యుత్తుతో పనిలేదు. కాని నెలల తరబడి సముద్రముపై సాగు తెరచాప నౌకకు గాలి ఒక్కటియే చాలదు. రాత్రి దీపములు, దిక్కు తెలుపు పరికరములు, రేడియో, అడుగున చేరిన నీటిని తోడు పంపు – ఇవన్నియు విద్యుత్తుతోనే నడువవలెను. అచట స్తంభము లేదు, తీగ లేదు, పిలిచిన వచ్చు లైన్‌మన్ లేడు.

భారత నౌకాదళమునకు చెందిన ‘తారిణి’ అను తెరచాప నౌక 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, నడుమ కొన్ని రేవులలో ఆగుచు, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరినది. దానిని నడిపిన ఆరుగురు మహిళా అధికారులలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి ఉండుట తెలుగువారికెల్లరకు గర్వకారణము. దూరప్రయాణము చేయు ఇట్టి నౌకలలో విద్యుత్తును కూడబెట్టి వాడుకొను పద్ధతిని తెలిసికొన్నచో, కరెంటు పోయినపుడు పంచాయతీ కార్యాలయమునను, ఆరోగ్య ఉపకేంద్రమునను దీపమారకుండ చూచుకొను ఉపాయము మనకును బోధపడును.

తిండిగింజలు, విత్తనపు గింజలు

నౌకలో సాధారణముగా రెండు విధములైన బ్యాటరీలుండును. ఒకటి ఇంజను కదలించుటకు మాత్రమే. రెండవది దీపములు, పంపులు మొదలగు నిత్యావసరములకు. రైతు తిండిగింజలను, విత్తనపు గింజలను వేరువేరుగా దాచుకొనునట్లే, నావికులు ఈ రెంటిని కలియనీయరు. రాత్రియంతయు దీపములు వెలిగి నిత్యావసరపు బ్యాటరీ తరిగిపోయినను, తెల్లవారి ఇంజను కదలును. కదలిన ఇంజనే మరల బ్యాటరీలను నింపును. నేడు సౌరఫలకములును ఈ పనికి తోడ్పడుచున్నవి.

ఇన్వర్టరు విద్యుత్తును పుట్టించదు. బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును ఇంటి సామానులకు తగిన 230 వోల్టుల విద్యుత్తుగా మార్చుటయే దాని పని. ‘పెద్ద ఇన్వర్టరు కొన్నచో ఎక్కువసేపు వెలుగును’ అని పలువురు తలంతురు. అది పొరపాటు. ఎన్ని సామానులు ఒకేమారు నడుచుననునది ఇన్వర్టరు నిర్ణయించును. ఎంతసేపు నడుచుననునది బ్యాటరీ నిర్ణయించును.

ముందు లెక్క, తరువాత కొనుగోలు

నౌకలో మొదట అవసరముల పట్టిక వ్రాయుదురు. పంచాయతీయు అట్లే చేయవలెను. ఉదాహరణకు 10 వాట్ల దీపములు 4, 60 వాట్ల పంకాలు 2, 100 వాట్ల కంప్యూటరు 1 కలవనుకొందము. కరెంటు లేనపుడు దీపములు 5 గంటలు, పంకాలు 4 గంటలు, కంప్యూటరు 3 గంటలు నడువవలెనన్నచో, వరుసగా 200, 480, 300 వాట్-గంటలు కావలెను. మొత్తము 980, అనగా దాదాపు ఒక యూనిట్టు.

మార్పిడిలో ఇన్వర్టరు కొంత తినును. నూటికి 15 పాళ్లు అట్లు పోవుననుకొన్నచో, బ్యాటరీనుండి సుమారు 1,150 వాట్-గంటలు తీయవలసియుండును. దీనిని 12చే భాగింపగా 96 ఆంపియర్-గంటలు వచ్చును. సీసపు బ్యాటరీని తరచు సగమునకు మించి ఖాళీచేసినచో దాని ఆయువు తరిగిపోవును. కావున 96కు రెట్టింపు, అనగా 200 ఆంపియర్-గంటల బ్యాటరీ తగును. ఒకేమారు నడుచు సామానుల మొత్తము 260 వాట్లే గనుక 600 నుండి 800 వి.ఎ. ఇన్వర్టరు చాలును. అంతకు మించినది కొనుట ప్రజాధనమును వృథాచేయుటయే.

రెండు బ్యాటరీలను జతచేయవలసినచో రెండును ఒకే రకము, ఒకే పరిమాణము, ఒకే వయస్సు కలవై యుండవలెను. కొత్త ఎద్దునకు ముసలి ఎద్దును కాడి కట్టినట్లు, పాతది కొత్తదానిని కూడ చెరచును. లిథియం బ్యాటరీలను సగమునకు మించి వాడుకొనవచ్చును గాని, వానికి తగిన ఛార్జరు ఉండితీరవలెను.

ప్రాణరక్షణ

నౌకలో మంటలు రేగిన పారిపోవుటకు చోటుండదు. అందుచేత బ్యాటరీకి దగ్గరగానే ఫ్యూజు అమర్చి, తీగలను లావుగాను పొట్టిగాను ఉంచి, బ్యాటరీ కదలకుండ బిగింతురు. గ్రామమునందును ఈ జాగ్రత్త అవసరమే. 12 వోల్టులు తక్కువ కదాయని సన్నని తీగ వేసినచో, అధిక ప్రవాహమువలన అది కాగి నిప్పంటుకొనును.

ఛార్జి అగునపుడు సీసపు బ్యాటరీనుండి మండు స్వభావముగల హైడ్రోజను వాయువు వెలువడును. గాలియాడని బీరువాలో దానిని పెట్టరాదు; దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. నీరు తగ్గినపుడు డిస్టిల్డు నీరే పోయవలెను గాని బావినీరు, ఆమ్లము పోయరాదు.

మరియొక ముఖ్యవిషయము కలదు. తెలియనివారు తీగలు తప్పుగా కలిపినచో, ఇన్వర్టరునందలి విద్యుత్తు వెలుపలి లైనులోనికి ఎదురుపారవచ్చును. కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణమునకు అది ముప్పు. ఇన్వర్టరు కలుపు పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే అప్పగింపవలెను. ఎర్తు సరిగా ఉన్నదీ లేనిదీ పరీక్షింపజేయవలెను.

పంచాయతీ కర్తవ్యము

వచ్చు సమావేశమున అవసరముల పట్టికను చదివి, లెక్కను అందరికి వినిపించి, ఆ పిమ్మటనే కొనుగోలు తీర్మానము చేయుడు. ఏ సామానులు ఇన్వర్టరుపై నడుపవచ్చునో గోడపై వ్రాయింపుడు. నెలకొకమారు నీటిమట్టమును, తీగల కొనలను చూచు బాధ్యతను ఒకరికి అప్పగింపుడు. పాడైన బ్యాటరీలోని సీసము విషము. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము దానిని చెత్తకుప్పపై పడవేయక, అమ్మినవారికిగాని, నమోదైన శుద్ధి కేంద్రమునకుగాని చేర్పవలెను.

నడిసముద్రమున నావికులు ఉన్నదానిని లెక్కించి, లెక్కకు లోబడి వాడుకొందురు. ఆ నియమమునే పాటించిన పంచాయతీలో, కాన్పు వేళ కరెంటు పోయినను, ఆరోగ్య ఉపకేంద్రపు దీపము వెలుగుచునే యుండును.