ఒక్క జీతం, ఏడు కంచాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహా ఇళ్ల నుంచి వచ్చాయి. సంపాదించేది ఒకరు, తినేది ఆరుగురో ఏడుగురో. అందరూ అడిగింది "ఇంకా ఏం తగ్గించమంటారు?" అనే. నిజానికి వంటింట్లో తగ్గించడానికి ఇంకేమీ మిగలని ఇళ్లే ఇవన్నీ. డబ్బు పోతున్న దారి వేరే ఉంది.

ప్రశ్న: మా ఆయన ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. చేతికి 26 వేలు వస్తాయి. నలుగురు పిల్లలు, అత్తగారు, మేమిద్దరం. అద్దె 6 వేలు. మామగారి ఆసుపత్రి ఖర్చుకని తెలిసినవాళ్ల దగ్గర లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. పప్పు పలచన చేశాను, టీ ఒక పూటకు కుదించాను. అయినా ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి చేబదులు తప్పడం లేదు. తెల్లకార్డు ఉన్నా ఈ వేసవిలో కరెంటు బిల్లు కూడా వచ్చింది. ఇంకెక్కడ తగ్గించాలి?
- ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ముందు పప్పు మళ్లీ చిక్కగా వండండమ్మా. నెలకు రెండు కిలోలు తగ్గించారనుకుందాం. కిలో 120 రూపాయలు వేసుకున్నా మిగిలేది 240. మీ లక్ష మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 2,000, ఏడాదికి 24,000. ఎనిమిది నెలలు పిల్లలకు నీళ్ల పప్పు పోసినా ఒక్క నెల వడ్డీ పూర్తిగా తీరదు. అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇంట్లో బంగారం ఏదైనా ఉంటే బ్యాంకులో పెట్టి ఆ లక్ష ఒక్కసారే తీర్చేయండి. బంగారం మీద బ్యాంకు అప్పు రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. ముప్పావలా పడిందనుకున్నా నెలకు 750. మిగిలే 1,250 ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా ఏ నెలకా నెల అసలుకే కట్టండి. తాకట్టంటే పరువు తక్కువని అత్తగారు అనొచ్చు. గొలుసు మెడలో వేసుకుని నెలనెలా రెండు వేలు ఇంకొకరి ఇంటికి మోస్తుంటే మాత్రం పరువు నిలుస్తుందా? బంగారం మీదైతే అప్పు కాగితం, రశీదు మీ పేరునే ఉండాలి. బంగారం లేకపోతే మహిళా సంఘం దారి చూడండి. కొత్తగా కట్టిన సంఘమైతే ఆరు నెలలైనా పొదుపు నడిచాకే బ్యాంకు రుణం మాట ఎత్తుతుంది కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇక కరెంటు. గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201 అయ్యిందా, ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ కట్టాలి. అదీ పై రేటున. 200 లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40, రెండో వంద 4.80 చొప్పున లెక్క. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10, ఆ పైవాటికి 7.70. పథకం లేని ఇంట్లో 200 యూనిట్లకు 820 అయ్యేది 201కి 1,027 దాటుతుంది. మీ ఇంటికైతే ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఇందులో చేర్చలేదు.

అందుకని బిల్లు కొట్టిన రోజే మీటరు అంకె గోడ క్యాలెండర్ మీద రాయండి. మీటరులో అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ అని పడినప్పుడు కనిపించేదే మీకు కావలసింది. వారానికోసారి చూడండి. ఇరవయ్యో రోజుకు 130 దాటిందంటే మిగిలిన పది రోజులూ గీజరు, ఇస్త్రీపెట్టె జోలికి పోకండి. ఏడుగురున్న ఇంట్లో అసలు తినేవి ఫ్యాన్లు. మామూలు ఫ్యాను 75 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అంతసేపు తిరిగినా 15 దాటదు. దాని ధర ఎక్కువే కాబట్టి అన్నీ మార్చక్కర్లేదు. పిల్లలు పడుకునే గదిలో ఒకటి, హాల్లో ఒకటి మారిస్తే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. గృహజ్యోతి గీత దాటకుండా ఉండడానికి అది చాలు.

ప్రశ్న: ఆటో నడుపుతాను. వయసు 38. భార్య, ముగ్గురు పిల్లలు, అమ్మ, పెళ్లి కావలసిన చెల్లెలు నా మీదే ఆధారం. బంధువు ఒకాయన నెలకు 2,500 కట్టే పాలసీ తీసుకోమని తిరుగుతున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత డబ్బు తిరిగొస్తుందట. తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వద్దు తమ్ముడూ. ఆయన్ని ఒకే ఒక్క మాట అడగండి: "రేపు నేను పోతే మా ఇంటికి ఎంత వస్తుంది?" ఇరవై ఏళ్లలో మీరు కట్టేది 6 లక్షలు. ఇలాంటి పాలసీల్లో బీమా మొత్తం ఆ దరిదాపుల్లోనో, ఇంకా తక్కువో ఉంటుంది. ఆరుగురు బతికే ఇంటికి అది ఎన్నాళ్లు? తిరిగొచ్చే డబ్బు గురించి చెప్పినంత హుషారుగా ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మీ బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్షా బీమాకు 20 కోతకు ఒప్పుకోండి. మొదటిదాంట్లో ఏ కారణంతో పోయినా 2 లక్షలు, రెండోదాంట్లో ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. రెండూ కలిపి రోజుకు రూపాయి పావలా. జీవన్ జ్యోతిలో చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప డబ్బు రాదు. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది, కోత మే నెలాఖరులో పడుతుంది. చాలామందికి ఇది జారిపోయేది ఇక్కడే: ఆ వారం ఖాతాలో 456 ఉండవు, బీమా ఆగిపోయిన సంగతి కూడా తెలియదు. మీ భార్యను కూడా ఆమె ఖాతా నుంచి చేర్పించండి. సంపాదన లేకపోయినా ఆమె చేసే పనికి మనిషిని పెట్టాలంటే మీ ఆటో కిరాయి సరిపోదు.

ఆ పైన టర్మ్ పాలసీకి ప్రయత్నించండి. గడువు దాకా బతికుంటే పైసా తిరిగి రాదు, చవకగా ఉండేది అందుకే. ఆటోవాళ్లకు చిక్కల్లా ఆదాయాన్ని కాగితం మీద చూపడం. ఫోన్‌పేలో పడే కిరాయిలన్నీ ఒకే ఖాతాలోకి వచ్చేలా చూసుకోండి. అడిగినప్పుడు చూపడానికి కొంత ఆధారం ఉంటుంది. ఏ పాలసీ ఏ బ్యాంకులో ఉందో, నామినీ ఎవరో ఇంట్లో తెలిసి ఉండాలి.

ప్రశ్న: మాకు ముగ్గురూ ఆడపిల్లలే: 9, 7, 6 ఏళ్లు. తల్లికి వందనం పథకం డబ్బు ఒక్కొక్కరికి 13,000 చొప్పున పడింది. ముగ్గురి పేరా సుకన్య సమృద్ధి తెరవాలని ఉంది.
- ఒక తల్లి, నర్సరావుపేట

జవాబు: ముగ్గురికీ కుదరదు. కవల పిల్లలైతే తప్ప ఇంటికి ఇద్దరు ఆడపిల్లల పేరునే సుకన్య ఖాతా. పదేళ్లు దాటితే తెరవనివ్వరు కాబట్టి పెద్దపాపది ఈ నెలలోనే తెరవండి. మూడో పాపకు పీపీఎఫ్ తెరవొచ్చు, లేదా పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్డీ. 39 వేలూ తీసుకెళ్లి సుకన్యలో పోయకండి. అక్కడ వేసిన డబ్బు పాపకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా, లేదా పదో తరగతి గట్టెక్కేదాకా చదువుకైనా తీయలేరు. ఏడాదికి కనీసం 250 కట్టినా ఖాతా నడుస్తుంది. పుస్తకాలకు, బూట్లకు, జ్వరాలకు సగమైనా చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్లు, పాలు ముందు మగపిల్లలకు. అమ్మ అందరూ తిన్నాక గిన్నె గీరుకుని తింటుంది. పొదుపు అంటుంది. నేను డిగ్రీ చదువుతున్నాను. ఎలా చెప్పాలి?
- ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: అది పొదుపు కాదు, అమ్మ ఒంట్లోంచి తీసి ఇల్లు నడపడం. వాదన పెట్టుకోకుండా పద్ధతి మార్చు తల్లీ. వడ్డించేటప్పుడు గిన్నె మధ్యలో పెట్టకుండా అన్ని కంచాలూ ముందే వరసగా పరిచి, కూర అందరికీ పంచాకే తినడం మొదలుపెట్టండి. అమ్మ కంచం కూడా ఆ వరసలో ఉండాలి. గుడ్లు తలకొకటి చొప్పున రావు అనుకుంటే నాలుగు గుడ్లు ఉల్లిపాయతో పొరటు చేయండి, అందరికీ వస్తుంది. సర్కారు బడిలో చదివే తమ్ముళ్లకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పడే రోజులున్నాయి. ఆ రోజు ఇంట్లో గుడ్డు నీదీ, అమ్మదీ.

అమ్మను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చూపించు. 12 లోపు ఉంటే రక్తహీనతే. ఐరన్ మాత్రలు అక్కడ డబ్బులేమీ తీసుకోకుండానే ఇస్తారు. మాత్ర వేసుకున్నాక గంటసేపు టీ తాగనివ్వకు. నీ మాట కన్నా ఆ చీటీ మీది అంకెకే మీ నాన్న ఎక్కువ విలువ ఇవ్వొచ్చు. ఇవ్వనీ, మనకు కావలసింది పని జరగడం.

ప్రశ్న: ఏడాది సరుకు ఒకేసారి కొంటే చవక అంటారు. అంత డబ్బు ఒక్కసారి ఎక్కడిది?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒకేసారి కొనమన్నదెవరు? పంట చేతికొచ్చే వరసలో కొనండి. సంక్రాంతి దాటాక కొత్త కందులు, శివరాత్రి నుంచి చింతపండు, ఎండుమిర్చి, ఎండలు ముదిరాక ఆవకాయ కాయ. నెలకు 500 సరుకుల కోసమని పక్కన పెడుతూ ఏ నెలకు ఏది దిగితే అదే తెచ్చుకోవాలి. మీది ఖమ్మం కాబట్టి మిర్చి సంగతి నేను చెప్పక్కర్లేదు. తొడిమ తీయకుండా ఎండబెట్టి, గుప్పిట్లో పట్టుకుంటే గలగలమన్నాకే డబ్బాలో పోయండి. ఏడాది కారం ఒకేసారి ఆడించకండి, రెండు మూడు విడతలుగా ఆడిస్తే రంగు, ఘాటు పోవు.

చింతపండు దగ్గర మాత్రం ఓపిక కావాలి. నెలకు ముప్పావు కిలో వాడే ఇంటికి ఏడాదికి తొమ్మిది కిలోలు. గింజ తీసినది కొంటే ధర ఎక్కువ, గింజతో కొంటే తూకంలో గింజ పోతుంది. రెండూ లెక్క వేసుకుని, ఇంట్లో తీరిక ఉన్న చేతులెన్నో చూసుకుని కొనండి. సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెడితే ఒక పూటలో పీచు, గింజ తీసేస్తారు. సగం నోట్లోకి పోతుంది, పోనివ్వండి. ఒక రోజు ఎండలో వేసి, కల్లుప్పు పొరలు పొరలుగా చల్లుతూ జాడీలో అదిమిపెట్టండి. అల్యూమినియం గిన్నెలో పెడితే పులుపు లోహాన్ని తినేస్తుంది. కందిపప్పు పురుగు పట్టకుండా ఎండబెట్టి, అడుగున, మధ్యన ఎండిన వేపాకు వేస్తే చాలు.

నూనె మాత్రం నెలకు సరిపడానే తెచ్చుకోండి, నిలవ ఉంచితే కారువాసన వస్తుంది. బిస్కెట్లు పెద్ద ప్యాకెట్ చవక అని అస్సలు తేకండి. నలుగురు పిల్లలున్న ఇంట్లో చిన్న ప్యాకెట్టైనా పెద్ద ప్యాకెట్టైనా సాయంత్రానికే అయిపోతుంది.