ఆటలమ్మ కబురు ఆలస్యమైతే

రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతూ మా తరగతి అబ్బాయి ఒకడు మళ్లీ బడికి వచ్చాడు. అదే వారం వెనక బెంచీ పిల్లవాడికి ఆటలమ్మ పోసింది. మామూలు జబ్బే కదా అనుకుని, నేను ఆ అబ్బాయి తండ్రికి నాలుగో రోజు గాని చెప్పలేదు. "మొదటి రోజే చెప్పాల్సింది మాస్టారూ" అన్నారాయన. ఆ రాత్రే బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోయారు. అల్లా దయవల్ల వాడికేమీ కాలేదు. తప్పు మాత్రం నాదే.

ఈ క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. ఆ మందులు క్యాన్సర్ కణాలతోపాటు వైరస్‌తో పోరాడే తెల్ల కణాలనూ తగ్గిస్తాయి. మిగతా పిల్లల్లో పొక్కులతో పోయే ఆటలమ్మ వీరిలో ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకవచ్చు. పైగా పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది. సోకినవారిలో బయటపడేది 10 నుంచి 21 రోజుల మధ్య. డాక్టరుకు దొరికే వ్యవధి అదే. యాంటీబాడీల ఇంజెక్షన్ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, పది రోజులు దాటనివ్వకూడదు. అది దొరకకపోతే ఎసైక్లోవిర్ వాడతారు. వేపాకు మీద పడుకోబెట్టి చూద్దామనుకునే జబ్బు కాదిది.

కీమో నడుస్తుండగా ఆటలమ్మ, తట్టు వంటి సజీవ టీకాలు ఆ బిడ్డకు వేయరు. అందుకే చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకోవాలి: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఈ రెండు టీకాలూ, ఇంట్లో అందరూ ఏటా ఫ్లూ ఇంజెక్షనూ. పోలియో చుక్కల సంగతి వేరు. అందులోని సజీవ వైరస్ మలంలో బయటికొస్తుంది కనుక ఆ ఇంటి పిల్లలకు చుక్కలు వద్దు, ఇంజెక్షన్ వేయించాలి. ఎముక మజ్జ మార్పిడి జరిగితే పాత టీకాల బలం చాలావరకు పోతుంది. టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయాలి. సజీవ టీకాలకు సాధారణంగా రెండేళ్లయినా ఆగుతారు.

దాతలకు ఒక విన్నపం. చెక్కు ఇవ్వడానికి ఏడెనిమిది మంది మంచం చుట్టూ నిలబడి ఫొటో దిగుతుంటాం. నన్నడిగితే ఆ ఫొటో వద్దు. జలుబు ఉన్నవారు పండుగ పలకరింపుకైనా ఫోను చేస్తే చాలు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు. రెండు డోసులూ కొనుక్కోవాలి. మందుల బిల్లు కట్టేటప్పుడు తోబుట్టువుల టీకా ఖర్చూ కలిపి ఇవ్వండి.

ఆ తండ్రి ఫోన్ నంబరు ఇప్పుడు నా హాజరు పట్టీ అట్ట లోపల రాసి ఉంది.