ఆటలో పాయింట్లు దేనికిస్తున్నారో చూడండి

"వరదల్లో జనాన్ని కాపాడే వీడియో గేమ్ తయారు చేస్తాను" అని ఏడో తరగతి పిల్లాడు అంటే ఇంట్లో వచ్చే మొదటి మాట "మళ్ళీ ఫోనేనా?" రెండోది, పైకి అనకపోయినా, "ఈ వయసులో వరదలూ మంటలూ ఎందుకు?" ఆ రెండూ కాసేపు పక్కన పెట్టి వాడి దగ్గర కూర్చోండి. ఇది పెద్దవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టిన పనే. విపత్తుల ముప్పు తగ్గించే పని చూసే ఐక్యరాజ్యసమితి విభాగం 2007లో 'స్టాప్ డిజాస్టర్స్' అనే ఆట తెచ్చింది. అందులో మీకో ఊరూ, కొంత డబ్బూ, కొంత సమయం ఇస్తారు. ఇళ్ళు ఎక్కడ కట్టాలి, బడిని గట్టిపరచాలా, హెచ్చరిక వ్యవస్థ పెట్టాలా అన్నది మీ ఇష్టం. టైమ్ అయిపోగానే సునామీయో భూకంపమో వస్తుంది, ఎంత నష్టం జరిగిందో లెక్క చూపిస్తుంది. అసలు ఆటంతా ఆపద రాకముందే అయిపోతుందన్నమాట. నాకు అందులో నచ్చింది అదే.

పిల్లలు సొంతంగా గీసే ఆట మాత్రం దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగా ఉంటుంది. హీరో నదిలోకి దూకుతాడు, మంటల్లోకి ఉరుకుతాడు, ఒక్కొక్కరిని మోసుకొస్తే వంద పాయింట్లు. తప్పు పట్టకండి, వాళ్ళు చూసిన సినిమాలన్నీ అవే. కానీ ఆట ఏం చెబుతుందన్నది కథలో ఉండదు, పాయింట్లలో ఉంటుంది. పదిసార్లు ఆడిన పిల్లాడి చేతికి అలవాటయ్యేది పాయింట్లు వచ్చిన పనే. అందుకని మెల్లగా అడగండి: "దూకినవాడికి వంద ఇచ్చావు సరే, గట్టు మీద నుంచే తాడో ఖాళీ క్యానో విసిరి, పెద్దవాళ్ళని కేకేసినవాడికి ఎంత?" ఆ ప్రశ్నతో వాడి ఆట సగం మారిపోతుంది.

ఊరంత ఆట ఇప్పుడే వద్దు, మన ఇల్లే మొదటి లెవెల్ చేద్దాం అనండి. ముందు కాగితం మీద ఇంటి ప్లాన్ గీయమనండి. సిలిండర్ ఎక్కడుంది, మెయిన్ ఎక్కడుంది, వీధి తలుపు గడియ వాడికి అందుతుందా? గీస్తూ ఉంటేనే చాలా తెలుస్తాయి. కరెంటు మెయిన్ ఫ్రిజ్ పైన, వాడి చేతికి రెండడుగుల పైన ఉంటుంది. తాళంచెవి ఏ గూట్లో ఉంటుందో మీకే గుర్తుండదు.

గ్యాస్ లెవెల్ తీసుకోండి. వంటింట్లో గ్యాస్ వాసన. తెర మీద లైటు స్విచ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, కిటికీ, రెగ్యులేటర్. చాలామంది పెద్దవాళ్ళు కూడా ముందు నొక్కేది ఎగ్జాస్ట్ ఫ్యానే, వాసన పోతుందని. స్విచ్ వేసినా, తీసినా చిన్న నిప్పురవ్వ పుట్టొచ్చు, గ్యాస్ అంటుకోవడానికి అది చాలు. కాబట్టి ఆటలో స్విచ్ ముట్టుకుంటే అక్కడితో అవుట్. కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చాక గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేస్తే గెలుపు. ఏడెనిమిదేళ్ళ పాప ఆడుతుంటే ఇంత కూడా వద్దు. కేకేసి బయటికి పరుగెత్తితే చాలు, పూర్తి పాయింట్లు.

కాలిన గాయం లెవెల్‌లో ఇంకో సరదా ఉంది. కుళాయి కింద చెయ్యి పెట్టి మామూలు నీళ్ళు ఇరవై నిమిషాలు పోనివ్వాలి. పక్కనే టూత్‌పేస్టు, ఐసు ముక్కలు, ఇంకు పెట్టి ఊరించండి. ఆటలో నిమిషానికో సెకను లెక్కన, కుళాయి బటన్ ఇరవై సెకన్లు వదలకుండా నొక్కి పట్టాలి, అంతే. పిల్లలు ఏడో సెకనుకే వదిలేస్తారు. ఆ విసుగు తెలియడమే అక్కడ పాఠం. కరెంటు షాక్ లెవెల్‌లో షాక్ కొట్టిన మనిషిని పట్టుకుంటే ఆట అయిపోవాలి. ముందు మెయిన్ ఆపాలి.

ఫోన్ లెవెల్ తప్పకుండా ఉండాలి. అత్యవసర నంబరు 112 అయినా, అంబులెన్సు 108 అయినా అవతలివాళ్ళు అడిగేది ఎక్కడ, ఏమైంది అని. అమ్మ పేరేమిటంటే "అమ్మ" అనే పిల్లలు పదేళ్ళకీ ఉంటారు. ఇంటి నంబరు, వీధి, దగ్గర్లో గుడో బడో ఏదో ఒక గుర్తు గడగడా చెప్పడం ఆటలో రావాలి. లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో మీ ఫోన్‌లో చూపించండి. నిజంగా మాత్రం డయల్ చేయనివ్వకండి, ఆ లైన్ అవసరమైనవాళ్ళది. మీరే ఆపరేటర్‌గా పక్క గదిలో కూర్చుని అడగండి.

తుఫాను గురించి చేస్తానంటే 2014 అక్టోబరు 12 చెప్పండి. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ మీదుగా వెళ్ళింది. కన్ను పైకి రాగానే హోరుగాలి ఉన్నట్టుండి ఆగుతుంది, తుఫాను పోయిందనిపిస్తుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఈ నిశ్శబ్దాన్ని మించిన ఉచ్చు ఏ గేమ్ డిజైనరూ కనిపెట్టలేడు. తలుపు తీసి బయటికొచ్చినవాడు ఓడిపోవాలి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చిన పిల్లలైతే వాళ్ళని వరద లెవెల్ చేయమని తోయకండి. వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడితే వినండి. ఏ పిల్లలకైనా ఓడినప్పుడు శవాలూ ఏడుపులూ చూపించే ఆట వద్దు. "ఇక్కడ ఇది చేసుంటే సరిపోయేది" అని చూపించి వెంటనే మళ్ళీ ఆడనిస్తే చాలు. సంచి సర్దే లెవెల్‌లో నీళ్ళు, టార్చి, తాతయ్య బీపీ మాత్రలు, కవర్లో కాగితాలతో పాటు ఒక బొమ్మకీ చోటివ్వమంటే ఇవ్వండి.

తయారీకి డబ్బేమీ అక్కర్లేదు. ఎమ్ఐటీలో పుట్టిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉచితం. రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడమే. అదీ వద్దంటే అట్టముక్కలూ పాచికలూ చాలు.

మీ వంతు పని ఒకటుంది. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లిషు అమ్మాయి సముద్రం నురగలు కక్కడం చూసి సునామీ వస్తోందని గోల చేసింది. రెండు వారాల ముందే బడిలో నేర్చుకుంది. అందరికీ గుర్తుండేది ఆ పిల్లే. ఆమె మాట పట్టించుకుని వెళ్ళి అక్కడి సెక్యూరిటీకి చెప్పిన తండ్రిని కూడా గుర్తుపెట్టుకోండి. రేపు మీవాడు "నాన్నా, వాసనొస్తోంది" అన్నప్పుడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "ఏం లేదులే" అంటే, వాడి ఆటలో గ్యాస్ లెవెల్ ఉన్నా లాభం లేదు.

ఇల్లు మారితే ఆటనీ మార్చమనండి. వేసవికి ఊరెళ్తే అక్కడికి వేరే లెవెల్, అందులో పాము. కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చడమే గెలుపు. తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నాటుమందు, ఈ మూడూ సమయం తినేసే బటన్లు. తాతయ్యతో ఒకసారి ఆడించండి. ఆయన బహుశా తాడు బటనే ముందు నొక్కుతారు. ఎందుకు కూడదో మనవడినే చెప్పనివ్వండి.