మగ తిలాపియా పిల్ల కొనేముందు

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు చెరువులు నింపుకుంటున్న రోజులివి. తిలాపియా వేయదలచిన రైతు హేచరీలో ముందుగా అడిగేది 'అన్నీ మగవేనా?' అని. అడగాల్సిందే. ఆడ తిలాపియా గుడ్లనూ పిల్లలనూ నోట్లో పెట్టుకుని సాకుతుంది, ఆ రోజుల్లో మేత దాదాపు ముట్టదు. నాలుగైదు నెలల వయసుకే ఈనడం మొదలుపెట్టి, ఏడాదిలో మళ్లీ మళ్లీ ఈనుతుంది. మీరు వేసిన మేత బరువుగా కాక, ఎవరూ కొనని చిన్నచేపలుగా మారుతుంది. మగచేపకు ఆ ఖర్చు లేదు కనుక త్వరగా ఎదుగుతుంది. అయితే 'మగవేనా' అన్న ప్రశ్నతో ఆగితే చాలదు. అవి ఎలా మగవయ్యాయో కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే గేదెలో చూలు నిలిచిననాడే దూడ ఆడో మగో ఖాయమైనట్టు చేపలో కాదు.

నైలు తిలాపియాలో ఆడదానికి ఎక్స్ఎక్స్, మగదానికి ఎక్స్‌వై క్రోమోజోములు ఉంటాయి. కానీ గుడ్డు పగిలిన తొలి మూడు నాలుగు వారాల్లో పిల్ల బీజకోశం ఇంకా ఎటూ తేలకుండా ఉంటుంది. అప్పుడు నీటి వేడి 36 డిగ్రీల దాకా ఉంటే, ఆడవి కావలసిన పిల్లల్లో కొన్ని మగవైపోతాయి. హేచరీలు వాడుకునేది ఈ గడువునే. మొదటి మేత నుంచి మూడు నాలుగు వారాల పాటు కిలో మేతకు సుమారు 60 మిల్లీగ్రాముల మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపి పెడతారు. ఈ మందు ఎక్స్ఎక్స్ పిల్లను మగచేపగా పెంచుతుంది, దాని క్రోమోజోములను మాత్రం మార్చదు. ఇదే అసలు సంగతి. మందు మేసిన గుంపులో సుమారు సగం మగచేపలు లోపల ఇంకా ఎక్స్ఎక్సే. తప్పించుకున్న ఆడచేప అలాంటిదానితో కలిస్తే పుట్టేవన్నీ దాదాపు ఆడవే, ఎక్స్‌వై మగదానితో కలిస్తే సగం ఆడవి. రెండూ కలిపితే నాలుగింట మూడు పాళ్లు ఆడపిల్లలు. మగచేపల చెరువులో దొరికిన పిల్లలనే వచ్చే పంటకు దాచుకుందామనుకునే రైతు గట్టిగా నష్టపోయేది ఇక్కడే.

'చెరువు ఎండకు బాగా వేడెక్కితే అన్నీ మగవే అవుతాయి కదా' అనే వారున్నారు. మీ చెరువుకు వచ్చేనాటికే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. గడువులో ఉన్నా వేడికి అన్ని పిల్లలూ ఒకేలా మారవు. 'గిఫ్ట్ రకమైతే అన్నీ మగవే' అన్నదీ పొరపాటే. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన ఎంపిక పెంపకంలో తయారైన ఆ రకం త్వరగా ఎదగడానికి పేరు పొందింది. విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం దాని మీద పనిచేసింది. గిఫ్ట్‌లోనూ ఆడా మగా రెండూ పుడతాయి, మగపిల్లలు కావాలంటే వేరే పని చేయాల్సిందే. హార్మోను మేసిన చేప తినవచ్చా అన్న అనుమానం మాత్రం న్యాయమైనది, కొట్టిపారేయకూడదు. మందు పెట్టేనాటికి పిల్ల గ్రాము కూడా ఉండదు. ఆపిన కొద్ది రోజుల్లోనే అది ఒంటిలోంచి పోతుంది, పట్టుబడికి ఇంకా నెలలు పడుతుంది. కనుక తినేవారికన్నా ఆ మేత కలిపే కూలీల చేతులు, ఆ నీళ్లు చేరే డ్రెయిన్లు నాకు ఎక్కువ భయం కలిగిస్తాయి. అమ్మే పిల్లకు మందే లేని దారి ఒకటుంది: వైవై క్రోమోజోములున్న తండ్రిచేపను తయారుచేసి మామూలు ఆడదానితో కలిపితే దాదాపు అన్నీ మగవే పుడతాయి. కాకపోతే ఆ తండ్రిని తయారుచేయడానికి కొన్ని తరాలు పడుతుంది.

మన దేశంలో తిలాపియా పెంపకానికి మత్స్యశాఖ అనుమతి కావాలి, మగ పిల్లనో గొడ్డు పిల్లనో మాత్రమే వేయాలి. పిల్లలు 30, 40 గ్రాములకు వచ్చాక వంద చేపలు పట్టి తిరగేసి చూడండి. పొట్ట కింద మగదానికి రెండు రంధ్రాలు, ఆడదానికి మూడు ఉంటాయి. నీలం మందు చుక్క అద్దితే తేడా తెలుస్తుంది. వందకు అయిదు మించి ఆడవి కనిపిస్తే అప్పుడే ఏరేయండి, అదే హేచరీ దగ్గర మళ్లీ కొనకండి. తూములకు సన్నకన్ను వల కట్టండి, కొల్లేరు వైపు పారే డ్రెయిన్లలోకి ఒక్కటీ పోకూడదు. పట్టుబడి తర్వాత గుంటల్లో నీరు మిగలకుండా తోడి, నేల బీటలు వారేదాకా ఎండగట్టి, ఆ తర్వాతే కొత్త పిల్ల వేయండి.