చెరువు – ట్యాంకు

భాషకు పదాలు ప్రాణం. మనిషికి వలెనే పదానికీ పుట్టుక, పయనం, పరివర్తన ఉంటాయి. కొన్ని పదాలు పుట్టిన నేలను విడిచి, సముద్రాలు దాటి, వేషం మార్చుకొని తిరిగి మన ముంగిట నిలుస్తాయి. అట్టి వాటిలో ‘ట్యాంకు’ ఒకటి. మేడమీద నీళ్ల ట్యాంకు, మోటారు సైకిలుకు పెట్రోలు ట్యాంకు, రణరంగంలో ఫిరంగిని మోసే ట్యాంకు, హైదరాబాదులో ట్యాంక్‌బండ్ – ఇన్నింటికీ ఒకే పేరు ఎట్లా అమరింది?

ఈ పదానికి పండితులు రెండు మూలాలను చూపుతారు. గుజరాతీ, మరాఠీ భాషలలో నేలను తవ్వి నీటిని నిల్వచేసే తొట్టిని ‘టాంకీ’, ‘టాంకే’ అంటారు. దీనికి సంస్కృతంలోని ‘తడాగ’ శబ్దం మూలమని కొందరి ఊహ. పోర్చుగీసు భాషలో నీటి మడుగును ‘తాంకి’ అంటారు. అది నిలిచిన నీరు అనే అర్థం గల లాటిన్ పదానికి చెందినదని మరొక అభిప్రాయం. పడమటి తీరపు వర్తకంలో ఈ రెండు పదాలూ కలిసిపోగా, 17వ శతాబ్దిలో ఆంగ్లేయులు వాటిని తమ భాషలో చేర్చుకొన్నారు. 1886లో యూల్, బర్నెల్ పండితులు వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ రెండు మూలాలనూ చర్చించింది.

యుద్ధశకటానికి ఈ పేరు రావడం మరింత విచిత్రం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వారు లింకన్ పట్టణంలో ఒక కొత్త ఉక్కు శకటాన్ని రహస్యంగా నిర్మించారు. గుట్టు బయటపడకుండా, అది నీటిని మోసే తొట్టి అని నమ్మించడానికి ‘ట్యాంకు’ అని పేరుపెట్టారు. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో ఆ శకటం తొలిసారి కదనరంగంలోకి దిగింది. రహస్యం తొలగింది గాని పేరు నిలిచిపోయింది.

ఆంగ్లేయ అధికారులు మన చెరువులను కూడా ట్యాంకులనే వ్రాశారు. నేటికీ నీటిపారుదల దస్త్రాలలో ఆ మాటే కనబడుతుంది. ‘ట్యాంక్‌బండ్’ అనే పేరులో మొదటిది ఆంగ్లం, రెండవది పారసీకం. అచ్చతెలుగులో అది చెరువుకట్ట.

అయితే ట్యాంకు అంటే కేవలం తొట్టి. చెరువు తొట్టి కాదు, ఒక వ్యవస్థ. దానికి కట్ట ఉంది, తూము ఉంది, మత్తడి ఉంది, శిఖం భూమి ఉంది, ఆయకట్టు ఉంది. నీటిని పొలాలకు పంచే నీరటికాడు ఉన్నాడు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఆ వ్యవస్థకు సాక్ష్యాలు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం (1369) మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొన్నది. ఇంతటి శాస్త్రజ్ఞానం ‘ట్యాంకు’ అనే ఒక్క మాటలో ఇముడుతుందా?

సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంలోని గౌరవెల్లి జలాశయాన్ని జనులు ‘రిజర్వాయరు’ అంటారు. ఆ నిర్మాణం వలన గుడాటిపల్లి ప్రజలు నిర్వాసితులైనారు. సాగునీరు అవసరమే. కాని ఒక ఊరు తరలినప్పుడు ఇండ్లు, పొలాలే కాదు, ఆ ఊరి కుంటల పేర్లు, కాలువల పేర్లు కూడా తరలిపోతాయి. ఇంటికి వెలకట్టవచ్చు. పేరుకు వెలకట్టేదెవరు?

2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణకు ‘మిషన్ కాకతీయ’ను ప్రారంభించింది. పూడిక తీస్తే చెరువు బ్రతుకుతుంది. పలికితేనే పదం బ్రతుకుతుంది. పరభాషాపదాలను ద్వేషించనక్కరలేదు, అవి భాషకు సంపదే. అయితే వచ్చిన అతిథి కోసం ఇంటివారిని వెళ్లగొట్టరాదు.

విద్యార్థులారా! వానకాలంలో మీ ఊరి చెరువు మత్తడి దూకినప్పుడు కట్టమీద నిలిచి, పక్కనున్న పెద్దవారిని ఆ తూము పేరేమిటో అడగండి. వారు చెప్పిన దానిని వ్రాసి ఉంచండి.

అర్థాలు
మత్తడి – చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే చోటు, అలుగు
శిఖం – చెరువులో నీరు నిలిచే భూమి
ఆయకట్టు – చెరువు నీటితో సాగయ్యే భూమి
నిర్వాసితులు – నివాసం కోల్పోయినవారు

ప్రశ్నలు
1. ‘ట్యాంకు’ పదం పుట్టుకను గురించి పండితుల అభిప్రాయాలను వివరించండి.
2. “చెరువు తొట్టి కాదు, ఒక వ్యవస్థ.” – సమర్థించండి.
3. మీ ప్రాంతంలో చెరువుకు సంబంధించిన ఐదు పదాలను సేకరించి వాటి అర్థాలు వ్రాయండి.