బీరువాలో మూట, ఒంటి మీద బట్ట



ఈ పాఠం చదవటానికి ముందు ఒక పని చేయండి. మీ బీరువా తలుపు తీసి కింది అరలో ఏముందో చూడండి. మన పటమటలో ఏ ఇంట్లో చూసినా కాస్త అటూ ఇటూగా ఇవే కనిపిస్తాయి. ఇప్పుడు పట్టని ప్యాంట్లు, రంగు వెలిసిన చీరలు, పిల్లాడు ఆరో తరగతిలో వేసుకున్న యూనిఫాం, ఎవరో పెళ్లిలో పెట్టిన జాకెట్ ముక్కలు, ఆషాఢం డిస్కౌంటు అని బీసెంట్ రోడ్డులో కొని ఒక్కసారి కూడా కట్టని చీర. కొన్ని ఇళ్లలో చనిపోయిన అమ్మ చీరలు కూడా ఉంటాయి. వాటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాత బట్టలకీ ధమ్మానికీ ఏం సంబంధం అంటారేమో. వినయ పిటకంలో మహావగ్గ అనే గ్రంథం ఉంది. అందులో ఎనిమిదో భాగం పేరే చీవరక్ఖంధకం, అంటే బట్టల అధ్యాయం. బట్ట ఎవరి దగ్గర తీసుకోవాలి, ఏ రంగు వేయాలి, ఎలా కుట్టుకోవాలి, సంఘంలో ఎలా పంచుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. మనసు గురించి అంత లోతుగా చెప్పిన మనిషి గుడ్డల గురించి ఇంత తీరిగ్గా ఎందుకు మాట్లాడాడు? తణ్హ అనేది ఎక్కడో ఆకాశంలో ఉండదు, ఇలాంటి వస్తువులనే పట్టుకుని వేలాడుతుంది కాబట్టి.

అందులోదే ఒక సంఘటన. బుద్ధుడు రాజగహ నుంచి వేసాలికి నడిచి వెళ్తున్నాడు. దారిలో కొందరు భిక్ఖువులు బట్టల మూటలు మోసుకుంటూ కనిపించారు. నెత్తిన ఒకటి, భుజాన ఒకటి, నడుం దగ్గర ఇంకొకటి. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ల పరిస్థితి అది! ఆయన అక్కడ కోప్పడలేదు. వేసాలి చేరాక, ఎముకలు కొరికే చలికాలపు రాత్రి గోతమక చైత్యం దగ్గర ఆరుబయట ఒక్క చీవరంతో కూర్చున్నాడు. మొదటి జాము అయ్యేసరికి చలేసింది, రెండోది కప్పుకున్నాడు. నడిజాము గడిచాక మళ్లీ చలేసింది, మూడోది. తెల్లవారుజామున నాలుగోది. చలికి తట్టుకోలేనివాళ్లయినా మూడింటితో గడుపుకోగలరని ఆలోచించి, పైది మాత్రం రెండు పొరలుగా ఉండేట్టు మూడు చీవరాల నియమం పెట్టాడు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆ పద్ధతి. ఎన్ని కావాలో శాస్త్రాన్ని అడగలేదు, తన ఒంటినే అడిగాడు. పైగా తక్కువ చేసి చూపించాలన్న పంతం కూడా లేదు. చలి వేస్తే ఇంకోటి కప్పుకున్నాడు. మీరూ ఇలాగే చూడవచ్చు. ఉతికి మడతపెట్టిన బట్టల్ని ఈ రోజు నుంచి అరలో ఒక పక్కన మాత్రమే పెడుతూ రండి. ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక రెండో పక్కన కదలకుండా మిగిలిన గుట్టే మీరు మోస్తున్న మూట.

మరి ఆ మూటను ఏం చేయాలి? దీనికి ఆనందుడి దగ్గర మంచి సమాధానం ఉంది. కోసంబిలో ఉదేన రాజు అంతఃపురం స్త్రీలు ధమ్మం విని సంతోషించి ఆనందుడికి 500 వస్త్రాలు ఇచ్చారు. రాజుకు ఒళ్లు మండింది. ఈ సన్యాసి ఏమన్నా బట్టల కొట్టు పెడతాడా అనుకుని నేరుగా వచ్చి అడిగాడు, ఇన్ని ఏం చేసుకుంటావని. చీవరాలు చినిగిపోయిన భిక్ఖువులకు పంచుతాను అన్నాడు ఆనందుడు. మరి వాళ్ల పాతవి? పక్క మీద పరుస్తాం. పాత దుప్పట్లు? పరుపులకు గలీబులు చేస్తాం. పాత గలీబులు? నేల మీద పరుస్తాం. అవీ పాతబడితే కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి పీలికలు చేసి మట్టిలో కలిపి మెత్తుతాం. రాజు ఇంకో 500 వస్త్రాలు ఇచ్చాడట.

ఈ జాబితా మన నాయనమ్మలకు కొత్త కాదు. చీర పాతబడితే పిల్లలకు ఉయ్యాల, ఆ తర్వాత బొంత, బొంత చినిగితే గుమ్మం దగ్గర కాళ్లపట్టా, వంటింట్లో మసిగుడ్డ. ఆటోనగర్‌లో మెకానిక్కులు గ్రీజు చేతులు తుడుచుకునే వేస్టు గుడ్డ కూడా ఒకప్పుడు ఎవరో వేసుకున్న బనీనే. అయితే ఒక తేడా గమనించాలి. ఆనందుడి గుడ్డ మట్టిలో కలిసేది, ఇవాళ్టి పాలిస్టర్ కలవదు. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో పారేస్తే తూముకు అడ్డం పడుతుంది, తగలబెడితే విషపు పొగ వస్తుంది. పుష్కరాలప్పుడు స్నానం చేసి కట్టుబట్టలు కృష్ణలో వదిలేస్తే పాపం పోతుందని నమ్మేవాళ్లున్నారు. పాపం సంగతేమో గానీ, ఆ బట్టలు ఏరేది మాత్రం పారిశుధ్య కార్మికులు. అందుకే కొనేటప్పుడే ఆలోచించాలి. మంగళగిరి నూలు చీర ఆనందుడి జాబితాలో చివరిదాకా వెళ్లగలదు, మెరుపుల సింథటిక్ చీర రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక అసలు విషయం. మన పేటల్లో "ఉన్నదాంతో తృప్తిపడండి" అని ఎవరైనా ఉపదేశిస్తే వినేవాళ్లకు మండుతుంది. మండాలి కూడా. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలులు శవాల మీది బట్టలే కట్టుకోవాలని రాసి ఉంది. ఆ పుస్తకం చదవని కామందులు కూడా దాన్నే అమలు చేశారు. పండక్కి పాలేరుకు దొరగారి పాత చొక్కా, అదీ అరుగు కింద నిలబడి చేతులు చాచి పుచ్చుకోవాలి. కొత్త పంచె కట్టుకుని ఊళ్లోకి వెళ్తే "ఏరా, బాగా బలిసిందే" అన్న మాట మన తాతలు విన్నారు. అలాంటి మనకు పాత బట్టల గొప్పతనం చెబితే ఎట్లా?

అందుకే ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. భిక్ఖువులు మొదట్లో చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పారేసిన గుడ్డలు ఏరి కుట్టుకునేవారు. దాన్నే పంసుకూల చీవరం అంటారు. అది వాళ్లు ఎంచుకున్నది. తర్వాత వైద్యుడు జీవకుడు అడిగినప్పుడు, గృహస్తులిచ్చే వస్త్రాలు తీసుకోవటానికి బుద్ధుడు అనుమతించాడు. కావాలనుకున్నవాళ్లు పంసుకూలం కట్టుకోవచ్చు, కావాలనుకున్నవాళ్లు ఇచ్చిన వస్త్రం తీసుకోవచ్చు. ఎంచుకునే స్వేచ్ఛ ఉన్న మనిషికే అది సాధన. మనువు చెప్పినదాంట్లో ఆ స్వేచ్ఛ లేదు, కాబట్టి అది శిక్ష.

బాబాసాహెబ్ "బుద్ధుడు–ఆయన ధమ్మం"లో సంతుట్ఠికి, అంటే సంతృప్తికి, ఇలాగే అర్థం చెప్పారు. సంతృప్తి అంటే పరిస్థితులకు లొంగిపోవటం కాదని, పేదరికం ధన్యమని బుద్ధుడు ఎన్నడూ అనలేదని, అంతులేని అత్యాశ మనిషిని ముంచెయ్యకూడదన్నదే ఆయన ఉద్దేశమని రాశారు. 1927 డిసెంబరులో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల రోజుల్లోనే ఆయన మహిళలకు చెప్పిన మాట కూడా బట్టల గురించే. బట్టకు అతుకులున్నా ఫర్వాలేదు గానీ శుభ్రంగా ఉండాలని, అంటరానితనాన్ని గుర్తుచేసే కట్టు మానేయాలని చెప్పారు. ఆయన సూటు కూడా షోకు కాదని నేననుకుంటాను. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయనా, వచ్చిన జనమూ తెల్లబట్టలతో దీక్ష తీసుకున్నారు. పాత బట్టలకు అంతకన్నా పెద్ద వీడ్కోలు ఏముంటుంది?

ఈ చరిత్ర తెలిసిన మనం ఇచ్చే చేతి వైపు నిలబడ్డప్పుడు ఎలా ఉంటున్నాం? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు ఊరంతా బట్టల మూటలు కట్టింది. మంచివీ వచ్చాయి. కానీ కొన్ని మూటలు విప్పితే జిప్పు లేని ప్యాంట్లు, చంకలో చినిగిన జాకెట్లు, ఉతకని దుప్పట్లు. బురదలో సర్వం పోగొట్టుకున్న మనిషి చేతిలో అవి పెట్టటానికి చెయ్యి రాదు. అంగుత్తర నికాయలో అసత్పురుషుడి దానానికి గుర్తులు చెప్పారు. శ్రద్ధ లేకుండా ఇవ్వటం, గౌరవం లేకుండా ఇవ్వటం, పారేయాల్సింది ఇవ్వటం కూడా వాటిలో ఉన్నాయి. కాబట్టి ఉతకండి. బొత్తాలు కుట్టండి. ఇస్త్రీ చేయించండి. అది వేసుకుని మీరు పటమట రైతుబజారుకు వెళ్లగలరా అని అడగండి. వెళ్లలేనిది మసిగుడ్డకే పంపండి, మనిషికి వద్దు.

బీరువా సర్దుకున్నాక మిగిలేది ఖాళీ చోటు ఒక్కటే కాదు. అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్తుల సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించినది ఉండటం, దాన్ని అనుభవించటం, అప్పు లేకపోవటం, తప్పు చేయని జీవితం గడపటం. చూడండి, అనుభవించటం కూడా సుఖమేనని ఆయనే చెప్పాడు. పండక్కి కార్డు గీకి కొన్న చీర కట్టుకున్నప్పుడు రెండో సుఖం కాసేపు దొరికి, మూడోది ఆరు నెలలు పోతుంది.

ఆళవిలో ఒక చలికాలం, పశువుల గిట్టలకు గట్టిపడ్డ నేల మీద కాసిని ఆకులు పరుచుకుని ఉన్న బుద్ధుణ్ణి హత్థకుడు అనే అతను చూసి, బాగా నిద్రపట్టిందా స్వామీ అని అడిగాడు. పట్టింది, లోకంలో హాయిగా నిద్రపోయేవాళ్లలో నేనొకణ్ణి అన్నాడాయన. మనం ఆకుల మీద పడుకోనక్కర్లేదు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి డాబా మీద పాత నూలు చీర పరుచుకుని, కృష్ణ మీదుగా గాలి తిరిగినప్పుడు కళ్లు మూసుకోండి చాలు. ఇస్త్రీ బండి నుంచి వచ్చిన చొక్కా వెచ్చదనం, ఎండలో ఆరిన దుప్పటి వాసన, పదేళ్లు ఉతికి మెత్తబడ్డ లుంగీ. చొక్కా తొడుక్కునేటప్పుడు భిక్ఖువులు చేసే మననం మీరూ చేయవచ్చు: ఇది ఎండ నుంచి, చలి నుంచి, దోమల నుంచి కాపాడటానికి, మర్యాదగా ఒళ్లు కప్పుకోవటానికి. బొత్తాలు పెట్టుకునేంత సమయమే పడుతుంది. ఆ కాసేపు ఫోను పక్కన పెట్టండి.

బందరు రోడ్డున కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి వరిమడులు చూడండి. చీవరం కుట్టు అదే. మగధలో గట్లతో విడదీసిన పొలాలు చూపించి, ఇలాంటి చీవరం కుట్టగలవా అని బుద్ధుడు అడిగితే ఆనందుడు ముక్కలు కలిపి కుట్టాడు. ముక్కలుగా కోసిన గుడ్డ మీద దొంగకు కూడా ఆశ ఉండదన్నది ఆయన ఆలోచన.

ఇక అమ్మ చీరలు. వాటిని ఒక్క రోజులో తీసేయమని నేను చెప్పను. ఏడుపు వస్తే రానివ్వండి, అనిచ్చం అంటే ఏడవకూడదని కాదు. ఆమె ఎక్కువగా కట్టుకున్నది ఒకటి ఉంచుకోండి. బాగున్నవి ఆమెను ఎరిగినవాళ్లకు, ఫలానా ఆవిడవి అని చెప్పి, ఇష్టమైతేనే ఇవ్వండి. మిగిలిన నూలు చీరలు నాలుగైదు కలిపి బొంత కుట్టించండి. బొంతలు కుట్టే ఆవిడ దొరికితే కూలి దగ్గర బేరం ఆడకండి, చేతికుట్టుకు రోజులు పడుతుంది. డిసెంబరు చలికి ముందే ఇస్తే సంక్రాంతికి పిల్లలు కప్పుకుంటారు.