కాయ దిగినాకే తోటమాలికి అసలు పని

తోతాపురి కోతలు ముగింపుకొచ్చే రోజులివి. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్లకు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు తగ్గగానే తోటల్లో మనిషి అలికిడి కూడా తగ్గిపోతుంది. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎకరా రెండెకరాల మామిడి ఉన్న రైతులు చాలామంది పిందె పడ్డాక కాపలాకు ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆఖరు లోడు వెళ్లగానే లెక్క చూసి పంపించేస్తారు. "కాయే లేనప్పుడు తోటలో వానికేం పని?" అంటారు. మామిడి విషయంలో ఈ లెక్క తలకిందులు. కాయ ఉన్నప్పుడు కావలసింది కాపలా మాత్రమే. కాయ దిగినాకే తోటమాలికి చేతినిండా పని.

దీనికి కారణం చెట్టులోనే ఉంది. కోత అయ్యాక వచ్చే కొత్త చిగురే ముదిరి, డిసెంబరు జనవరిలో పూత ఇస్తుంది. ఆ చిగురు ఆగస్టు, సెప్టెంబరులో వస్తే పూత వేళకు కొమ్మ బాగా ముదురుతుంది. కత్తిరింపులు, ఎరువులు ఆలస్యమై అక్టోబరు, నవంబరు వానలకు చిగురు వస్తే అది లేత కొమ్మగానే మిగిలి, పూతకు బదులు ఆకు వేస్తుంది. తర్వాత ఎన్ని మందులు కొట్టినా లేని పూతను తెప్పించలేము.

ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

2025 సీజనులో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాలని నిర్ణయించిన సంగతి మనకు తెలిసిందే. రెండెకరాల్లో 80 చెట్లు, చెట్టుకు 100 కిలోల కాపు అనుకుందాం. 8 టన్నులు అవుతుంది. కిలో 12 రూపాయలైతే 96 వేలు, 8 రూపాయలే చేతికొస్తే 64 వేలు. కోత కూలి, బాడుగ, మందులు అందులోంచే పోవాలి. ఇలాంటి ఏడాది రైతు మొదట మానుకునేది తోటమాలినే. కానీ మందుల దుకాణం అప్పు మాత్రం తగ్గదు. కొమ్మలు గుబురుగా పెరిగి గాలి, వెలుతురు ఆడని తోటలోనే తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఎక్కువ. మనిషిని మాన్పించి మిగిల్చిన డబ్బు మందుల డబ్బాల రూపంలో బయటికి పోతుంది. అదే డబ్బుతో కత్తిరింపులు చేయిస్తే మందు పిచికారీలు తగ్గుతాయి.

ముగ్గురికి ఒక తోటమాలి

రెండెకరాల రైతు ఒక్కడే ఏడాది పొడుగునా మనిషిని పెట్టుకోలేడు, నిజమే. పక్కపక్క తోటల రైతులు ముగ్గురు కలిస్తే పెట్టుకోవచ్చు. లెక్క వేసి చూడండి. పది మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరాకు 40 చెట్లుంటాయి. ముగ్గురికీ కలిపి ఆరెకరాలు, 240 చెట్లు. ఒక మనిషి రోజుకు ఆరు చెట్లు కత్తిరిస్తాడనుకుంటే 40 రోజుల పని. పాదులు చేసి ఎరువు వేయడం రోజుకు పది చెట్లనుకుంటే 24 రోజులు. బదనిక తీయడం, తొలిచే పురుగును వెతకడం, గట్లు కాలువలు సరిచేయడం, పిచికారీలు, నీటితడులు, కాపలా కలిపితే ఏడాదికి సరిపడా పని ఉంది. చెట్ల లెక్కన ముగ్గురూ జీతం పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ఎవరి తోట ముందు, ఎవరిది వెనక అన్నది ముందే అనుకోవాలి. ఒక ఏడు మొదట చేసిన తోట మరుసటి ఏడు ఆఖరున రావాలి. లేకుంటే తగాదా ఇక్కడే మొదలవుతుంది.

మనిషిని ఎట్లా ఎంచుకోవాలి?

దూరం మనిషి కన్నా మన ఊరి మనిషి, పక్క ఊరి మనిషి మేలు. మన నేల, మన వాన తెలిసిన వాడై ఉంటాడు. రాత్రి గాలివాన వస్తే పొద్దున్నే తోటలో ఉంటాడు. అంతకు ముందు ఏ తోటలో చేశాడో ఆ రైతును అడగడం కంటే ఆ తోటకే పోయి చెట్లు చూడడం మంచిది. తర్వాత మన తోటలో ఒక చెట్టు కత్తిరించమనండి. ఆ రోజు కూలి ఇచ్చేయండి. ఈ నాలుగు సంగతులు గమనించండి.

1. కొడవలితో నరుకుతున్నాడా, రంపంతో కోస్తున్నాడా? నరికితే కొమ్మ చీలుతుంది.

2. లావు కొమ్మను ముందు కింది నుంచి కొంత కోసి, ఆ తర్వాత పైనుంచి కోస్తున్నాడా? ఇట్లా చేస్తే బెరడు ఊడిరాదు.

3. మోడు మిగల్చకుండా, మాను బెరడు గాయపడకుండా కోస్తున్నాడా?

4. చెట్టు నడిమి భాగంలోకి ఎండ పడేట్టు చేస్తున్నాడా, ఊరికే అంచులు కత్తిరించి వదిలేస్తున్నాడా?

"తేనెమంచు పురుగు కాయ లేనప్పుడు యాడుంటుంది?" అని అడగండి. మాను బెరడు పగుళ్లలో అని చెప్పేవాడు తోట తెలిసినవాడు. మందు పేరు మాత్రమే చెప్పేవాడు ఆ దుకాణం తెలిసినవాడు.

మాట, రాత, జీతం

రోజు కూలి, నెల జీతం, కాపులో వాటా అని మూడు పద్ధతులున్నాయి. రోజు కూలికి పని తొందరగా ముగించాలన్న ఆతురత ఉండదు. వాటా పద్ధతిలో ధర పడిపోయిన ఏడాది తోటమాలి ఇల్లు గడవదు. నెలకింత అని జీతం ఇచ్చి, కోత అయ్యాక దిగుబడిని బట్టి టన్నుకింత అని పైన కలిపి ఇవ్వడం ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. జీతం మీ ఊరి కూలి రేటుకు తగ్గకూడదు. భార్యాభర్తలిద్దరూ తోటలో చేస్తే ఆమె కూలి ఆమెకు వేరుగా లెక్కకట్టి ఆమె చేతికే ఇవ్వాలి. "మొగుడికి ఇచ్చినాం గదా" అనడం సరికాదు.

పెద్ద మొత్తం బయానా ఇచ్చి, అది తీరేదాకా వేరేచోటికి పోకూడదని కట్టడి చేయడం వెట్టిచాకిరి కిందికి వస్తుంది. 1976 నాటి చట్టం ప్రకారం అది నేరం. పిల్లోళ్ల చదువుకో, ఆసుపత్రికో చేబదులు ఇస్తే పుస్తకంలో రాసుకోండి. దాన్ని సంకెల చేయవద్దు.

తోటమాలి చెట్టు ఎక్కేవాడు, మందు పట్టేవాడు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టవచ్చు. 18 నుంచి 70 ఏళ్ల లోపు వారికి ఇది వర్తిస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. ఆ 20 రూపాయలు రైతే కట్టడం ధర్మం. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, పిచికారీ తర్వాత సబ్బు, నీళ్లు కూడా రైతే ఇవ్వాలి.

ఒక నోటు పుస్తకం పెట్టి ఏ తేదీన ఏ పని, ఏ మందు, ఎంత, ఎవరి తోటలో అని రాయించండి. తోటమాలికి రాయడం రాకపోతే మీ ఇంట్లో బడికి పోయే పిల్లలు రాస్తారు. మరుసటి ఏడు ఇదే మీకు పెద్ద ఆధారం.

కార్తెల ప్రకారం పని

పునర్వసు, పుష్యమి (జూలై): కోత అయిన పది పదిహేను రోజులకే కత్తిరింపులు మొదలుపెట్టాలి. ఎండు కొమ్మలు, నేలను తాకేవి, ఒకదానిమీద ఒకటి రాసుకునేవి, పోయిన ఏటి ఎండు పూత కాడలు తీసేయాలి. బదనికను అది అంటుకున్న చోటుకు కింద కొమ్మతో సహా కోయాలి. పైపైన పీకితే మళ్లీ వస్తుంది. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు చాలు. ఇనుప పాత్రలో కలపకూడదు.

ఆశ్లేష, మఖ (ఆగస్టు): ఎరువుల కాలం. పదేళ్లు దాటిన చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి కిలో చొప్పున అవసరం. బస్తాల లెక్కలో చెప్పాలంటే యూరియా 2 కిలోల 200 గ్రాములు, సింగిల్ సూపర్ 6 కిలోల పావు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కిలో 700 గ్రాములు. ఇందులో మూడింట రెండు వంతులు ఇప్పుడు, మిగతా వంతు కాయ పెరిగేటప్పుడు వేయాలి. పశువుల ఎరువు చెట్టుకు 50 కిలోలు. మాను మొదట్లో కుప్ప పోస్తే వేరుకు అందదు. కొమ్మల నీడ పడే అంచు కింద చుట్టూ గాడి తీసి వేసి, మట్టి కప్పాలి. నేలలో తేమ ఉన్నప్పుడే వేయాలి. భూసార పరీక్ష చేయించిన వారు ఆ ఫలితాన్ని బట్టి తగ్గించుకోవచ్చు.

పుబ్బ, ఉత్తర (సెప్టెంబరు): చిగురు మీద కన్నేసి ఉంచాలి. ఆకులు చిన్నవై కురచబడితే జింకు లోపం. లీటరుకు 5 గ్రాముల జింకు సల్ఫేటు, 10 గ్రాముల యూరియా కలిపి కొట్టాలి. మాను మీద రంపపు పొట్టు కనిపిస్తే తొలిచే పురుగు ఉన్నట్టే. ఇనుప కడ్డీతో రంధ్రంలోంచి పురుగును లాగి చంపి, మట్టితో మూయాలి. పాతకాలం అలవాటుతో నువాన్ దూది కుక్కవద్దు. ఆ మందును (డైక్లోర్వాస్) 2020 ఆఖరుతో నిషేధించారు. తేనెమంచుకు ఒకప్పుడు కొట్టిన కార్బరిల్ 2018లోనే పోయింది.

హస్త, చిత్త, స్వాతి (అక్టోబరు): ఈశాన్య రుతుపవనాలకు ముందే కలుపు పోయేట్టు పైపైన దున్నాలి. వాలుకు అడ్డంగా గట్లు వేసి నీరు ఇంకనివ్వాలి. పల్లపు తోటల్లో మాత్రం మురుగు కాలువ తప్పనిసరి. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కురిసిన కుండపోత వానలు మరువరానివి. ఈ నెల నుంచి పూత వచ్చేదాకా నీటితడులు ఆపాలి.

విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ (నవంబరు, డిసెంబరు): ఇక లోతు దుక్కి పనికిరాదు. పిండినల్లి చెట్టెక్కకుండా మాను చుట్టూ పాలిథిన్ పట్టీ కట్టి గ్రీజు పూయాలి. ఆకు పటుక్కున విరిగేంత ముదిరినా పూమొగ్గ కదలకపోతే లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కొట్టవచ్చు. లేత ఆకున్న చెట్లకు ఇది దండగ.

మూల నుంచి ధనిష్ఠ వరకు (డిసెంబరు ఆఖరు, జనవరి, ఫిబ్రవరి): తోటమాలి రోజూ పూగుత్తులు చూడాలి. పూమొగ్గ దశలో తేనెమంచు పురుగు కనిపిస్తేనే మందు. ఇమిడాక్లోప్రిడ్ అయితే లీటరుకు 0.3 మి.లీ. మించకూడదు. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. పూలు పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఏ మందూ కొట్టవద్దు. తేనెటీగలు, ఈగలు తిరిగితేనే పిందె నిలుస్తుంది.

శతభిషం నుంచి అశ్విని వరకు (ఫిబ్రవరి ఆఖరు, మార్చి, ఏప్రిల్): పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లున్నవారు పది పదిహేను రోజులకొక తడి ఇవ్వాలి. మిగిలిన వంతు ఎరువు ఇప్పుడే వేయాలి. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు కట్టాలి. రాలిన కాయలు ఏరి గుంతలో పూడ్చాలి.

భరణి నుంచి ఆరుద్ర వరకు (మే, జూన్): కోతకు 15 రోజుల ముందే తడి ఆపాలి. చిక్కంతో, తొడిమ ఉండేట్టు కోయాలి. కొమ్మలు ఊపి రాల్చిన కాయకు దెబ్బ తగిలి కుళ్లుతుంది. ఆ నష్టం తూకంలో రైతుకే కోత పడుతుంది.

పూత మీద గుత్త ఇచ్చేవారికి

డబ్బు అవసరమై పూత మీదే తోటను గుత్తకు ఇచ్చేవారు మన దగ్గర ఎక్కువే. ఇచ్చినా తోటమాలి మీ మనిషిగానే ఉండాలి. గుత్తదారుకు ఆ ఏటి కాయ ముఖ్యం, మీకు చెట్టు ముఖ్యం. పూత కోసం కల్తార్ ఇష్టం వచ్చినట్టు పోస్తే, ఆ మందు నేలలో చాలాకాలం నిలిచి కొమ్మలు కురచబడి చెట్టు చిక్కిపోతుంది. "నా రాతపూర్వక ఒప్పుదల లేకుండా కల్తార్ పోయరాదు, కొమ్మ నరకరాదు" అని గుత్త కాగితంలోనే రాయించండి. తోటమాలికి కూడా ఆ కాగితం చదివి వినిపించండి.

సందేహాలుంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకులను గానీ, రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని గానీ, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగవచ్చు. తోటమాలిని కూడా వెంట తీసుకుపోండి. మందు కొట్టేది, కొమ్మ కోసేది అతనే కాబట్టి సలహా నేరుగా అతని చెవిన పడాలి.

ఆఖరు లోడు వెళ్లిన రోజు తోటమాలి లెక్క పూర్తిగా తేల్చి డబ్బు చేతిలో పెట్టండి. "పోయిరా" అని పంపేయకుండా, "ఎల్లుండి రంపం తీసుకొని రా అబ్బా, ఆ మూల చెట్ల నుంచి మొదలు పెడదాం" అని చెప్పండి. వచ్చే ఏటి కాపుకు పని మొదలయ్యేది ఆ రోజే.